ఒక యువ వైద్యుడి సాక్ష్యం



1941 ఆగస్టు. ఐరోపాలో యుద్ధం నడుస్తోంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం బోధించే ఒక అధ్యాపకుణ్ని బీబీసీ వాళ్లు పిలిపించి మైకు ముందు కూర్చోబెట్టారు. బుధవారం సాయంత్రాలు పావుగంట చొప్పున మాట్లాడమన్నారు. ఆయన పాస్టరు కాదు. కుర్రతనంలోనే దేవుడు లేడని తేల్చుకున్నవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో పోరాడి గాయపడ్డవాడు. ముప్పై దాటాక, తనతో తాను చాలా పెనుగులాడి, క్రీస్తును నమ్మినవాడు. పేరు సి.ఎస్. లూయిస్. బాంబుల దెబ్బ తిన్న ఊళ్లలో, కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకున్న ఇళ్లలో జనం రేడియో చుట్టూ చేరి ఆయన మాటలు విన్నారు. 1944 దాకా విడతలుగా సాగిన ఆ ప్రసంగాలు 1952లో ‘మియర్ క్రిస్టియానిటీ’ అనే ఒకే పుస్తకంగా వచ్చాయి.

ఆ తర్వాత పాతికేళ్లకు ఆ పుస్తకం అమెరికాలో, నార్త్ కరొలైనా రాష్ట్రంలో, ఒక యువ వైద్యుడి చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆయనే తరవాత కాలంలో మానవ జన్యుపటాన్ని చదివిన మహా ప్రయత్నానికి నాయకత్వం వహించాడు. పేరు ఫ్రాన్సిస్ కాలిన్స్. జీవపరిణామాన్ని ఎలాంటి సందేహం లేకుండా ఒప్పుకుంటూనే యేసుక్రీస్తు శిష్యుడైన మనిషి. ఆయన ఆ విశ్వాసంలోకి ఎలా వచ్చాడో ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

ఎందుకు చెప్పాలనిపించిందో ముందు చెబుతాను. నేను జీవశాస్త్రం బోధిస్తాను. ఆదివారం ఆరాధనకు వెళతాను. ఈ రెండు చోట్లా నాకు ఒకే పిల్లలు కనిపిస్తారు. డార్విన్ పాఠం వచ్చేసరికి విశ్వాస కుటుంబాల పిల్లలు కొందరు తల దించుకుంటారు. మార్కుల కోసం జవాబు బట్టీపట్టి రాస్తారు, పేపరు ఇచ్చేశాక మరిచిపోవడానికి ప్రయత్నిస్తారు. వీళ్లలో తెలివైన పిల్లలు మాత్రం మరిచిపోలేరు. సండే స్కూల్లో అడిగితే “అది సైతాను బోధ, నీకెందుకు” అంటారు. కాలేజీలో అడిగితే “నువ్వింకా అవన్నీ నమ్ముతున్నావా” అంటారు. చివరికి ఎవరినీ అడగడం మానేస్తారు. కొన్నాళ్లకు చర్చికి రావడం కూడా మానేస్తారు, అదీ ఎవరికీ చెప్పకుండానే. అమెరికాలో తెలుగు సంఘాల్లో పెరిగే పిల్లల సంగతీ ఇంతేనని అక్కడి తల్లిదండ్రులు బాధపడుతుంటే విన్నాను. ఆ పిల్లలకు ఈ మనిషి కథ తెలిస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

కాలిన్స్ 1950లో వర్జీనియా రాష్ట్రంలో పుట్టి, షెనండోవా లోయలోని ఒక పొలంలో పెరిగాడు. తండ్రి నాటక కళ బోధించే ప్రొఫెసరు, జానపద గీతాలు సేకరించినవాడు. తల్లి నాటకాలు రాసేది. ఆరో తరగతి దాకా పిల్లలకు ఆవిడే ఇంట్లో చదువు చెప్పింది. మతం ఆ ఇంట్లో పెద్ద విషయం కాదు. సంగీతం వస్తుందని ఐదేళ్ల కుర్రాణ్ని ఊళ్లో చర్చి గాయక బృందానికి పంపారు గానీ, అక్కడ చెప్పే సిద్ధాంతాలను మరీ మనసుకు పట్టించుకోవద్దని కూడా చెప్పి పంపారు. పదహారేళ్లకు యూనివర్సిటీలో చేరాడు. రసాయన శాస్త్రం, ఆ తర్వాత యేల్‌లో క్వాంటమ్ సిద్ధాంతం మీద పరిశోధన. లెక్కల్లోకి రాని దేనికీ విలువ లేదని ఆ రోజుల్లో గట్టిగా నమ్మాడు. దేవుడి సంగతి తెలియదు అనే స్థితి నుంచి దేవుడు లేడు అనే స్థితికి నెమ్మదిగా చేరాడు.

యేల్‌లో ఉండగానే సరదాగా జీవరసాయనం పాఠాలకు వెళ్లాడు. డీఎన్‌ఏ గురించి విన్నాక ఆ విద్య ఆయన్ని పట్టేసుకుంది. అప్పటికే పెళ్లయి ఒక పాప ఉన్నా, దారి మార్చి చాపెల్ హిల్‌లోని నార్త్ కరొలైనా యూనివర్సిటీలో వైద్యంలో చేరాడు. చేరిన కొద్ది వారాలకే ఒక పిల్లల డాక్టరు తరగతిలోకి సికిల్ సెల్ ఎనీమియా ఉన్న పేషెంటును తీసుకొచ్చి చూపించాడు. మూడు వందల కోట్ల అక్షరాల డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారినందుకు ఆ ఒంట్లో ఎంత బాధ! తన పని ఇదేనని కాలిన్స్ ఆ రోజే నిశ్చయించుకున్నాడు. ఈ సికిల్ సెల్ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మూడో ఏడు వచ్చేసరికి వార్డుల్లో పని. అక్కడి రోగులు చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన సామాన్యులు. కొందరికి నయంకాని జబ్బులు. ఇంత బాధ పెట్టిన దేవుడి మీద వాళ్లు కోపంగా ఉంటారని ఈ కుర్ర డాక్టరు అనుకున్నాడు. తీరా చూస్తే కొందరు ఆ విశ్వాసాన్నే పట్టుకుని నిబ్బరంగా ఉన్నారు. ఇది ఆయనకు అంతుపట్టలేదు. వాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. తీవ్రమైన గుండెనొప్పి, మందులకు లొంగని స్థితి. ఆవిడ రోజూ తన విశ్వాసం గురించి ఈ డాక్టరుకు చెప్పేది. ఒక రోజు ఉన్నట్టుండి, మరి మీరు ఏం నమ్ముతారు డాక్టరు గారూ అని అడిగింది. ఆయన ముఖం ఎర్రబడింది. తడబడి, నాకు సరిగ్గా తెలియదండీ అని ఏదో గొణిగాడు. ఆవిడ ఆశ్చర్యపోయి చూసింది. ఆయన అక్కడ నుంచి బయటపడ్డాడు.

ఆవిడ వాదించలేదు, పరిణామం తప్పు అనలేదు, నరకం పేరు చెప్పి భయపెట్టలేదు. ఒక మంచి మనిషిని మరో మనిషి అడగదగిన ప్రశ్న అడిగింది, అంతే. ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. శాస్త్రజ్ఞుణ్నని చెప్పుకుంటూ, ఆధారాలు పరిశీలించకుండా ఇంత పెద్ద విషయంలో తీర్పు చెప్పేశానా అని తనను తానే నిలదీసుకున్నాడు. తన నాస్తికత్వాన్ని గట్టిపరచుకుందామనే ఉద్దేశంతోనే విశ్వాసుల వాదనలు చదవడం మొదలుపెట్టాడు. దగ్గర్లో ఉన్న ఒక మెథడిస్టు పాస్టరు గారింటికి వెళ్లి తన ప్రశ్నలన్నీ ముందు పెట్టాడు. ఆ పాస్టరు గారు ఓపిగ్గా విని, అలమారాలోంచి ఒక చిన్న పుస్తకం తీసి ఇచ్చారు. లూయిస్ రేడియో ప్రసంగాల పుస్తకం అదే.

ఆ పాస్టరు గారి మీద నాకు చాలా గౌరవం. ఆయన కేకలు వేయలేదు, వెంటనే మోకరించమనలేదు. కుర్రవాడు తెచ్చిన ప్రశ్న స్థాయికి తగిన పుస్తకం ఇచ్చి పంపారు.

పుస్తకం తెరిచిన కొద్ది పేజీల్లోనే, తాను ఇన్నాళ్లూ విశ్వాసానికి వ్యతిరేకంగా చేస్తున్న వాదనలు బడి పిల్లవాడి స్థాయివని కాలిన్స్‌కు తెలిసొచ్చింది. లూయిస్ వాదన ఇలా మొదలవుతుంది. మనుషులు పోట్లాడుకునేటప్పుడు ఏమంటారో వినండి. నాకు కావలసింది దొరకలేదని కాదు, నువ్వు చేసింది అన్యాయం అంటారు. ఇద్దరికీ తెలిసిన ఒక ధర్మం ఉందని ఇద్దరూ ఒప్పుకుంటేనే ఆ పోట్లాట సాగుతుంది. ఆ ధర్మం మనం కల్పించుకున్నది కాదు, మన మీద అధికారం ఉన్నది. పైగా దాన్ని మనం రోజూ తప్పుతున్నాం. ఈ తెలివిడి ఎక్కడిది?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ వాదనలో ఒక భాగం దగ్గర నాకు కాలిన్స్‌తో పూర్తి ఏకీభావం లేదు. ముక్కూ మొహం తెలియని వాడి కోసం ప్రాణం ఇచ్చే త్యాగాన్ని పరిణామ సిద్ధాంతం వివరించలేదని ఆయన అంటాడు. కానీ 1964లో విలియం హామిల్టన్ రక్తసంబంధుల పట్ల త్యాగం ప్రకృతి వరణంలో ఎలా నిలబడుతుందో లెక్క కట్టి చూపించాడు. ఆ తర్వాత ఎందరో ఆ దారిలో ముందుకు వెళ్లారు. రేపు శత్రువును ప్రేమించడానికి కూడా ఎవరైనా జీవశాస్త్ర వివరణ ఇవ్వొచ్చు. శాస్త్రం ఇంకా చేరని చోట దేవుణ్ని ఉంచితే, శాస్త్రం అక్కడికి చేరిన రోజున దేవుడు ఎక్కడికి పోవాలి? మిగతా అన్ని చోట్లా కాలిన్స్ స్వయంగా చెప్పే హెచ్చరికే ఇది. నాకు లూయిస్ వాదనలో బలం మరో చోట కనిపిస్తుంది. మంచితనం మనలోకి ఏ దారిన వచ్చినా సరే, అది మంచిదని, దాన్ని తప్పితే నేను దోషినని నాకు తెలుసు. ఆ దోషం ఎలా పోతుందనే ప్రశ్నకు జన్యువుల లెక్క జవాబు చెప్పదు. కాలిన్స్‌ను చివరికి కదిలించింది కూడా ఈ ప్రశ్నేనని ఆయన రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది. దేవుడనే వాడు ఉంటే ఆయన పరిశుద్ధుడు, నేను కాదు. మధ్యలో ఉన్న అగాధం ఎవరు దాటిస్తారు? అక్కడే ఆయనకు యేసు అనే మనిషి చరిత్ర ఎదురైంది. సువార్తలను చరిత్ర సాక్ష్యాలుగా పరిశీలిస్తూ చదివాడు.

చాలాకాలం తప్పించుకోవడానికి చూశాడు. 27వ ఏట ఒక శరదృతువులో, దేశానికి పడమటి దిక్కున ఉన్న క్యాస్కేడ్ కొండల్లో నడుస్తుంటే, మలుపు తిరగ్గానే వందల అడుగుల ఎత్తున గడ్డకట్టిన జలపాతం కనబడింది. మరునాడు పొద్దున మంచుకు తడిసిన గడ్డిలో మోకరించి తనను తాను క్రీస్తుకు అప్పగించుకున్నాడు. జలపాతం దేవుడికి రుజువు అని మాత్రం ఆయన ఎప్పుడూ అనలేదు. అప్పటికే వాదనలు ఒక్కటొక్కటిగా తీరాయి. మిగిలింది తల వంచడమే.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లు చాలావరకు ఇక్కడితో ఆపేస్తారు. కాలిన్స్ సాక్ష్యంలో మాత్రం మిగిలిన సగం ఇక్కడి నుంచి మొదలవుతుంది. విశ్వాసి అయ్యాక ఆయన జన్యుశాస్త్రం వదిలిపెట్టలేదు, మరింత లోతుకు వెళ్లాడు. 1989 మే నెలలో, వాన కురుస్తున్న ఒక రాత్రి, యేల్‌లో జరిగే ఒక సమావేశానికి వచ్చి, బస చేసిన గదిలో పెట్టుకున్న ఫ్యాక్స్ యంత్రం నుంచి వచ్చిన కాగితాల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకు కారణమైన మార్పును ఆయనా, టొరంటో నుంచి వచ్చిన పరిశోధకుడు ల్యాప్-చీ చుయ్‌యూ కలిసి గుర్తుపట్టారు. ఏడో క్రోమోజోములో ఒక జన్యువులో మూడే మూడు అక్షరాలు లేవు. ఆ జన్యువు ఆధారంగా తయారైన మందులతో ఆ జబ్బున్న పిల్లలు ఇవాళ చాలామంది పెద్దవాళ్లై బతుకుతున్నారు. 1993లో మానవ జీనోమ్ ప్రాజెక్టు పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. 2000 జూన్ 26న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ పక్కన నిలబడి తొలి ముసాయిదా పూర్తయిందని ప్రకటించాడు. 2003 ఏప్రిల్‌లో ఆ పని ముగిసింది.

ఆ జీనోమ్‌లో ఏం కనబడింది? ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుల పని మీకు తెలిసే ఉంటుంది. కడపలో బ్రౌన్ దొర తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చూపించేవాడు. ఏ ప్రతి ఏ ప్రతిని చూసి రాశారో ఎలా తెలుస్తుంది? సరిగ్గా ఉన్న పద్యాలు చెప్పవు, ఒప్పు అన్నిట్లో ఒకలాగే ఉంటుంది. తప్పులే చెబుతాయి. రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే అక్షరం ఎగిరిపోతే, ఒకే పాదం చెదిరిపోతే, రెండూ ఒకే మాతృక నుంచి వచ్చాయని పండితుడు నిశ్చయిస్తాడు. కొత్త నిబంధన గ్రీకు ప్రతులను పరిష్కరించినవాళ్లూ ఇదే పద్ధతి పాటించారు. మన చేతిలో ఉన్న బైబిలు పాఠాన్ని మనం నమ్ముతున్నది ఈ పద్ధతి మీద భరోసాతోనే.

ఇప్పుడు జన్యువుల దగ్గరికి రండి. మేకలు, ఆవులు, కుక్కలు తమకు కావలసిన సి విటమిన్‌ను తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనం చేసుకోలేం, నిమ్మకాయో ఉసిరికాయో తినాలి. ఆ విటమిన్ తయారీలో చివరి మెట్టుకు కావలసిన జన్యువు మన డీఎన్‌ఏలో లేక కాదు. ఉంది, చెడిపోయి ఉంది. కొన్ని ముక్కలు ఊడిపోయి, మిగిలినవి పనికిరాకుండా పడి ఉన్నాయి. చింపాంజీలో, గొరిల్లాలో, కోతుల్లో కూడా అదే జన్యువు చెడిపోయే ఉంది, ఆ చెడుపులో మనతో పంచుకున్న గుర్తులతో. గినీపందిలోనూ ఇది చెడిపోయింది గానీ, దాని చెడుపు వేరే రకం, అది విడిగా జరిగిన ప్రమాదం.

మరొకటి. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23. మనకూ వాటికీ పూర్వీకులు ఒక్కరే అయితే ఒక జత ఏమైనట్టు? రెండు క్రోమోజోములు కొసలతో అతుక్కుని ఒకటై ఉండాలి. అలా అయితే అతికిన చోట గుర్తు ఉండాలి. మామూలుగా క్రోమోజోము కొసల్లో ఉండే ఒక రకం అక్షరాల వరస ఉంటుంది. మన రెండో క్రోమోజోము నడుమన ఆ కొస వరసలు ఎదురెదురుగా కనిపించాయి, 1991లోనే. క్రోమోజోముకు నడుము ఒక్కటే ఉండాలి, ఇందులో పాత నడుము ఆనవాలు ఇంకొకటి కూడా ఉంది. సిద్ధాంతం ఎక్కడ వెతకమందో అక్కడే దొరికింది.

దేవుడే ఆ గుర్తులు అలా పెట్టి ఉండొచ్చు కదా అని మన సోదరులు కొందరు అంటారు. వాళ్ల భక్తిని నేను తక్కువ చేయను. కానీ జరగని చరిత్రకు గుర్తులు కల్పించి మన ఒంట్లో రాసిపెట్టే దేవుడు సత్యవంతుడు ఎలా అవుతాడు? కాలిన్స్ అడిగేది ఇదే, నేను అడిగేదీ ఇదే. ఆకాశాలు దేవుడి మహిమను చెబుతాయని నమ్మే మనం, మన సొంత కణాలు చెప్పే మాట వినడానికి ఎందుకు భయపడాలి? దేవుడు జీవజాలాన్ని ఒక్కొక్కటిగా చెక్కి నిలబెట్టాడా, లేక తానే నియమించిన పద్ధతిలో కోట్ల ఏళ్ల మీదుగా పుట్టించాడా అనేది ఆయన మహిమను తగ్గించే ప్రశ్న కాదు. తల్లి గర్భంలో పిండం పెరిగే ప్రతి మెట్టునూ మనం పాఠంగా చెబుతాం. అయినా నా బిడ్డను దేవుడే ఇచ్చాడని ప్రార్థన చేస్తాం. ఆ రెండు మాటల మధ్య తగవు ఉందని ఏ తల్లీ అనుకోదు.

ఇది కాలిన్స్‌తో మొదలైన ఆలోచన కూడా కాదు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్, డార్విన్‌కు 1400 ఏళ్లకు ముందే ఆదికాండం మీద పెద్ద వ్యాఖ్యానం రాస్తూ, ప్రకృతి గురించి తెలిసీ తెలియని మాటలను లేఖనం పేరుతో చెప్పి అవిశ్వాసుల ముందు నవ్వులపాలు కావద్దని క్రైస్తవులను గట్టిగా హెచ్చరించాడు. ఇక మన తెలుగు నేలకు సువార్త తెచ్చిన అమెరికా సంగతి చూడండి. గుంటూరుకు మిషనరీగా హయ్యరు గారు 1842లో వచ్చారు. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర 1878 జులైలో ఒక్క రోజున 2222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. ఆ కాలంలోనే వాళ్ల దేశంలో అందరికంటే పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడు, హార్వర్డ్ ప్రొఫెసరు ఏసా గ్రే, డార్విన్‌కు ఆప్తమిత్రుడు, ఆయన సిద్ధాంతాన్ని అమెరికాలో నిలబెట్టినవాడు. ఆ గ్రే నిష్ఠగల క్రైస్తవుడు. 1880లో యేల్ వేదాంత కళాశాలకు వెళ్లి, కాబోయే పాస్టర్ల ముందు, ప్రకృతి వరణానికీ విశ్వాసానికీ వైరం లేదని ప్రసంగించాడు. భూమి వయసు ఆరేడు వేల ఏళ్లేనన్న మాటను విశ్వాసానికి పరీక్షగా పెట్టే ధోరణి ఇప్పుడున్నంత బలంగా అక్కడ పుంజుకున్నది 1961లో వచ్చిన ‘ది జెనెసిస్ ఫ్లడ్’ అనే పుస్తకం తర్వాతే. ఆ ధోరణి అక్కడి నుంచి పుస్తకాలుగా, వీడియోలుగా మన దాకా వచ్చింది. మన తాతలు నమ్మిన సువార్తలో ఈ పరీక్ష ఎక్కడుంది?

కాలిన్స్ 2006లో ‘ది లాంగ్వేజ్ ఆఫ్ గాడ్’ అనే పుస్తకంలో ఇదంతా రాశాడు. రెండు వైపుల నుంచీ దెబ్బలు తిన్నాడు. బైబిలుకు ద్రోహం చేశాడని ఒక పక్క, 2009లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల డైరెక్టరుగా ఎంపికైనప్పుడు ఇంత భక్తుడికి ఆ పదవి ఎలా ఇస్తారని ఇంకో పక్క. ఆయన ఎవరితోనూ కయ్యానికి దిగలేదు. దేవుడి మీద అంత కటువుగా రాసిన క్రిస్టఫర్ హిచెన్స్ కేన్సర్‌తో మంచం పడితే, అతని కణితి జన్యువులను చదివించి మందు వెతకడానికి సాయపడ్డాడు. 2011 డిసెంబరులో హిచెన్స్ చనిపోయేదాకా ఆ స్నేహం నిలిచింది.

అయితే జవాబు దొరకని ప్రశ్నలు లేవా అంటే ఉన్నాయి. మన జన్యువుల్లోని వైవిధ్యాన్ని బట్టి చూస్తే మానవజాతి ఎప్పుడూ ఇద్దరే మనుషుల దగ్గర మొదలైనట్టు కాక, కొన్ని వేలమంది గుంపు నుంచి వచ్చినట్టు కనబడుతుంది. మరి ఆదాము ఎవరు? దీని మీద విశ్వాసులైన పండితులు ఇంకా మాట్లాడుకుంటున్నారు. దానికంటే కష్టమైనది బాధ గురించిన ప్రశ్న. ఇంతకుముందు సికిల్ సెల్ అన్నాను కదా, అక్కడికి వద్దాం.

ఆ జబ్బుకు కారణమైన జన్యువు తండ్రి నుంచి, తల్లి నుంచి రెండూ వస్తే బిడ్డకు నరకయాతన. ఎర్రకణాలు కొడవలిలా వంగి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకల్లో నొప్పులు, రక్తహీనత, చిన్నవయసులో మరణం. ఒక్కరి నుంచే వస్తే మాత్రం మలేరియా నుంచి చాలావరకు రక్షణ. అందుకే మలేరియా ఉన్న చాలా చోట్ల ప్రకృతి వరణం ఆ జన్యువును నిలబెట్టింది. ఆఫ్రికాలో నిలబెట్టింది, మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లోనూ నిలబెట్టింది. అంటే కొందరు పిల్లలు మలేరియాకు చావకుండా ఉండడానికి, ఇంకొందరు పిల్లలు ఈ జబ్బుతో చావాలి. ఇది పరిణామం పని చేసే తీరు. ఇలాంటి పద్ధతిని ప్రేమగల దేవుడు ఎందుకు వాడుకున్నాడు?

తేలిక జవాబు నా దగ్గర లేదు. ఆదాము పాపం వల్లే జబ్బులొచ్చాయని చెబితే శిలాజాల్లో మనిషికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందరి ఎముకల్లో కనిపించే కణుతులకు ఏం చెప్పాలి? బాధ లేని లోకాన్ని దేవుడు ఎందుకు చేయలేదో నాకు తెలియదు. నేను నమ్మేది మాత్రం చెబుతాను. బాధకు దూరంగా కూర్చుని చూసే దేవుణ్ని క్రైస్తవం నాకు పరిచయం చేయలేదు. మేకులు కొట్టించుకున్న దేవుణ్ని పరిచయం చేసింది. పాలు తాగే బిడ్డ నొప్పితో ఏడుస్తుంటే, ఆ తల్లి ముందు నేను పలకగలిగిన పేరు ఆయన ఒక్కడిదే. పరిణామం నిజమైనా కాకపోయినా ఆ తల్లి ప్రశ్న అక్కడే ఉంటుంది. పరిణామాన్ని కొట్టిపారేసినందువల్ల ఆ ప్రశ్నకు జవాబు దొరికిన వాళ్లెవరూ నాకు కనబడలేదు.

కాలిన్స్ ఏం చేశాడంటే, తరగతి గదిలో తాను చూసిన ఆ జబ్బు వెంట పడ్డాడు. గర్భంలో ఉన్న శిశువు రక్తంలో వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలలకు అది ఆగిపోతుంది. కొద్దిమందిలో మాత్రం ఆగకుండా జీవితాంతం తయారవుతుంది, అలాంటి వాళ్లకు సికిల్ సెల్ జన్యువు ఉన్నా జబ్బు అంతగా బాధించదు. ఎందుకు ఆగదు? 1984లో, యేల్‌లో శిక్షణలో ఉన్న కాలిన్స్, ఒక కుటుంబం డీఎన్‌ఏలో దానికి కారణమైన ఒక్క అక్షరం మార్పును తోటివారితో కలిసి కనిపెట్టాడు. ఆ ఆలోచన ఎన్నో చేతులు మారింది. చివరికి 2023 డిసెంబరులో అమెరికాలో ఆమోదం పొందిన క్రిస్పర్ చికిత్స చేసేది అదే. ఆగిపోయిన శిశు హీమోగ్లోబిన్‌ను రోగి ఒంట్లో మళ్లీ మొదలుపెడుతుంది. చికిత్స పొందినవారిలో చాలామందికి ఆ భయంకరమైన నొప్పులు రావడం ఆగిపోయింది.

ఆమోదం పొందినప్పుడు ఆ చికిత్స ధర అక్కడ 22 లక్షల డాలర్లు. పైగా పెద్ద ఆసుపత్రి, కీమోథెరపీ, నెలల తరబడి వైద్యం కావాలి. పాడేరులోనో ఉట్నూరులోనో ఉన్న బిడ్డకు ఇది అందే దారి ఇప్పుడు లేదు. అప్పట్లో డైరెక్టరుగా ఉన్న కాలిన్స్‌కు ఈ ఇబ్బంది ముందే తెలుసు. అందుకే 2019 అక్టోబరులో గేట్స్ ఫౌండేషన్‌తో కలిసి, చెరొక 10 కోట్ల డాలర్లు పెట్టి, నాలుగేళ్ల పథకం ప్రకటించాడు. మూలకణాలను ఒంట్లోంచి బయటికి తీసే పని లేకుండా, పేద దేశాల్లోని మామూలు వైద్యశాలల్లో ఇవ్వగల జన్యు చికిత్సను సికిల్ సెల్‌కూ హెచ్‌ఐవీకీ తయారుచేయాలన్నది దాని లక్ష్యం. ఆ చికిత్స ఇంకా రాలేదు. దానికి కావలసిన జీవశాస్త్రం చదవాల్సిన పిల్లల్లో కొందరు ఇవాళ మన సండే స్కూళ్లలో కూర్చుని ఉన్నారు.